పసుపు రంగు బటన్లు

గరివిడిలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లేదాన్ని. కంప్యూటర్ ల్యాబ్‌లో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. చేరిన రోజే పదో తరగతి నుంచి బీటెక్ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కరస్పాండెంట్ గారి బీరువాలోకి వెళ్లిపోయాయి. మధ్యలో మానేసి పోకుండా అన్నమాట. అందరూ ఇచ్చేవాళ్లే, నేనూ ఇచ్చాను.

మూడో ఏడు విశాఖలో నాకు సర్కారు ఉద్యోగం తగిలింది. శుక్రవారం ఉదయం ఒరిజినల్స్ చూపించాలి, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. సోమవారం వెళ్లి అడిగాను.

"ఇస్తానమ్మా, నేనేటి తినేస్తానా? ఆ హాజరు సాఫ్ట్‌వేర్ పూర్తి సేసి పట్టుకెళిపో" అన్నాడాయన, టీ తెప్పించి మరీ.

కాలేజీ కోసం నేను రాస్తున్న ఆ సాఫ్ట్‌వేర్ అయిపోయింది, రంగే మిగిలింది. ఎవరో జాతకం చూసి ఆయనకి పసుపు కలిసొస్తుందన్నారట. తెర మీద ప్రతి గడీ, ప్రతి బటనూ పసుపు కావాలి! జావాలో, తెర మీద కనపడే ఫారం వెనక రంగు ఒక్క లైనుతో మారింది. గడుల పక్కన పేర్లు చూపించే లేబుళ్లు మారలేదు. అవి పారదర్శకంగా ఉంటాయి, ముందు ఆ గుణం తీసేస్తేగానీ వాటికి వేసిన రంగు కనపడదు. అదీ చేశాను. బటన్ల దగ్గరే చావొచ్చిపడింది. నేను ఏ రంగు చెప్పినా విండోస్ తన బూడిద రంగే పులిమేది. చుట్టూ అంచు మాత్రం పసుపు.

"ఏటమ్మా ఇది, గడపకి పసుపు రాసినట్టున్నాది? మద్దిలో ఏటీ నేదు" అన్నాడు మంగళవారం చూసి.

"కాగితాలిచ్చేయండి సార్, శనివారం వచ్చి చేసిపెడతాను."

"పనయ్యాక అడుగు తల్లీ."

ఒళ్లు మండిపోయింది. తల్లీ అనేవాణ్ని ఏమని తిట్టను?

గురువారం మధ్యాహ్నానికి దారి దొరికింది. విండోస్ చేత గీయించడం మాన్పించి, బటన్లు నేనే గీశాను. నిండా పసుపు, నొక్కితే కాస్త ముదురు. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని ఒక్కోటీ నొక్కి చూశాడు.

"అబ్బ! ఎంత సక్కగున్నాదో సూడు!"

నేను బీరువా వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు.

"ఇంత పని తెలిసినదాన్ని ఎలాగమ్మా వదులుకుంటాను? రేపిది పాడైతే ఎవుడు సూస్తాడు? నిన్నే హెచ్‌ఓడీని సేస్తాను, ఉండిపో."

బతిమాలాను, అరిచాను, సిగ్గు విడిచి ఏడ్చాను. ఆయన తాళాల గుత్తి జేబులో వేసుకుని భోజనానికి లేచాడు. చేతకాదని చెప్పేసి ఉంటే ఆ కాగితాలు మొహాన కొట్టి పొమ్మనేవాడేమో. ఆయన మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపమొచ్చింది.

శుక్రవారం పదిన్నరకి విశాఖలో నా పేరు పిలిచే ఉంటారు. అప్పుడు నేను ఆయన కొత్తగా అప్పజెప్పిన లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఫారానికి పసుపు వేస్తున్నాను. ఆయన నా వెనకే నిలబడి, ఇంకొంచెం ముదురు చెయ్యమంటున్నాడు.