తిరగని కిలోమీటర్లు

ఆ వీధిలో ఆమెను అందరూ గంధకం అంటారు. ఎదురుపడి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమంటుందని ఆ పేరు. మాట నిజమే గాని, ఆ అగ్గిపుల్లలు ఎవరు చూపించారో ఎవరూ చెప్పరు.

గంధకం సిమెంటు కుండీలు పోస్తుంది. ఇంటి వెనక పెరట్లో ఇనుప అచ్చులు, ఇసుక కుప్ప, కుండీలను నానబెట్టే నీళ్ల గుంట. పొద్దున్నే సిమెంటూ ఇసుకా మాలు కలపడం, అచ్చులు విప్పడం, అంచులు నున్నగా గీయడం ఆమె పని. ఆరిన కుండీలను తోపుడు బండి మీద పేర్చి మొక్కలమ్మే తోటలకు చేర్చడం భర్త పని. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. గంధకం మాట్లాడే మాటల్లో సగం ఆయన వాటావేనని వీధిలో వాళ్లు నవ్వుకుంటారు.

ఈ ఏడు ఆయన నడుము పట్టేసింది. ఎత్తు రోడ్డు మీద కుండీల బండి తోస్తూ తోస్తూ అక్కడే, చక్రం పక్కనే, కూలబడ్డాడు. మళ్లీ బండి తోస్తే మంచం దిగవని డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. పెరట్లో కుండీలు పేరుకుపోయాయి. సరుకు రాకపోతే ఇంకోచోట కొనుక్కుంటామని తోటవాళ్లు కబురు పెట్టారు. సొంతంగా ఒక బండి సంపాదించుకోకపోతే అచ్చులు తుక్కు కింద అమ్ముకోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే బావగారు, అంటే భర్తకు అన్నగారు, తన పాత పికప్ వ్యాను అమ్మకానికి పెట్టారు.

ఆ మాట చెవిన పడగానే గంధకానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

హార్డ్‌వేర్ షాపు పెడదామని ఎప్పుడో కొన్న బండి అది. బావగారు షాపు గదులు అద్దెకిచ్చి ఆ అద్దె మీద కూర్చున్నారు. బండిని రేకుల షెడ్డులో పెట్టి పైన మందపాటి గుడ్డ కప్పారు. ఎప్పుడైనా బ్యాంకుకు, ఎప్పుడైనా చుట్టాలింటికి. బరువు మోయడానికి పుట్టిన బండి మీద పట్టుచీర కంటే బరువైనది ఏదీ ఎక్కలేదు.

గంధకం అడక్కపోలేదు. భర్త చేత అడిగించింది కూడా. ప్రతిసారీ జవాబు తయారుగా ఉండేది. "నిన్ననే కడిగించాం కదమ్మా, మళ్లీ బురదెందుకు?" "టైర్లలో గాలి తక్కువుందిరా." "సిమెంటు బరువుకి రేకు సొట్టపోతుంది తమ్ముడూ, బయటి బండి మాట్లాడుకో."

ఇంతకీ కడిగేదెవరు? ఆ తమ్ముడే. ఆదివారం పొద్దున్నే వెళ్లి బండి కడిగి, ఆయిలు చూసి, బ్యాటరీ కొసలు గీకి, టైర్లకు గాలి కొట్టి, గుడ్డ కప్పి ఇంటికొచ్చేవాడు. సోమవారం తోపుడు బండి తోసేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ సోకూ ఒకరివే, చాకిరీ ఒక్కటే ఇంకొకడిది.

"ఆ గడప నేను తొక్కను," అంది గంధకం.

"అంత బాగున్న బండి ఇంకెక్కడా దొరకదు. నాకు తెలుసు," అన్నాడు భర్త మంచం మీంచి.

"మీకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది? దాని వీపు తోమినట్టు నా వీపు ఏనాడైనా తోమారా?"

ఆయన నవ్వబోయి, నడుము కలుక్కుమని పళ్లు బిగించాడు. అది చూసే ఆమె చెప్పులు వేసుకుంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ మెల్లగా నడిచి వెళ్లేసరికి బావగారి షెడ్డు ముందు ఒక పాల వ్యాపారి నిలబడి ఉన్నాడు. గుడ్డ తీసేశారు. తెల్లటి బండి నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది. బావగారు పెళ్లికూతుర్ని చూపించే తండ్రిలా దాని చుట్టూ తిరుగుతున్నారు.

"రీడింగ్ చూడండి, ఎంత తక్కువో! ఒక్క గీత చూపించండి, ఊరికే ఇచ్చేస్తాను. కన్నబిడ్డలా చూసుకున్నానండీ. తిరగని బండికి ధర ఎక్కువే మరి." అంతలో వీళ్లను చూశారు. "రా అమ్మాయ్. అయినవాళ్లు కదా అని వేరే ధర చెప్పను, అందరికీ ఒకటే. మీకు భారమైతే చెప్పు, ఏమీ అనుకోను."

గంధకం అద్దంలోంచి మీటరు వైపు చూసింది. తిరగని ఆ కిలోమీటర్లన్నీ ఎక్కడ తిరిగాయో ఆమెకు తెలుసు. మొగుడి నడుములో తిరిగాయి. ఇవ్వనన్నందుకే బండి కొత్తగా ఉంది. కొత్తగా ఉన్నందుకు ఇప్పుడు ఎక్కువ కట్టమంటున్నారు. బావగారి ముందు ఏనాడూ గొంతెత్తలేదు. కొంగు పిడికిట్లో పెట్టి నలిపింది.

"ఇంజను చూద్దాం, బానెట్ తీయండి సార్," అన్నాడు పాల వ్యాపారి.

బావగారు లోపలికి వంగి లివర్ లాగారు. టక్కుమంది గాని బానెట్ లేవలేదు. మళ్లీ లాగారు. ముందుకొచ్చి వేళ్లు దూర్చారు. గోరు విరిగింది.

"రోజూ చూసుకునే బండేనా సార్ ఇది?"

"ఇవాళెందుకో మొరాయిస్తోందండీ." బావగారు వెనక్కి తిరిగారు. "ఒరేయ్ తమ్ముడూ, ఓసారి రా. నీ పద్ధతేదో ఉంది కదా."

ప్రహరీ అంచున కూర్చున్న తమ్ముడు, నడుం మీద చెయ్యి పెట్టుకునే, అలవాటుగా లేచాడు.

"కూర్చోండి," అంది గంధకం.

ఆయన కూర్చున్నాడు.

"అదేంటమ్మాయ్..."

"కన్నబిడ్డ నోరు తెరిపించడం తండ్రికి రాదా బావగారూ?"

పాల వ్యాపారి దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇక ఆగలేదు గంధకం. "ఆదివారం మీ బండి ఒళ్లు తుడిచారు ఈయన. సోమవారం మా సరుకు ఒంటితో తోశారు. అడిగినప్పుడల్లా రేకు సొట్టపోతుందన్నారు. రేకు బాగానే ఉంది. సొట్టపోయింది ఇదిగో, ఈ మనిషి! ధర మీరే చెప్పారు, సంతోషం. తుడిచిన చేతులకి కూలి కూడా మీరే చెప్పండి. రెండూ కలిపి చూసుకుందాం."

"ఊరుకోవే," అన్నాడు భర్త నేల చూస్తూ.

"మీరు ఊరుకున్నారుగా, చాలు. ఇంటికొకరు సరిపోతారు."

"ఇంటి గొడవ అంటుకున్న బండి నాకొద్దు సార్," అని పాల వ్యాపారి చెప్పులు సర్దుకున్నాడు. "పాలు విరిగిపోతాయి."

అతను మలుపు తిరగ్గానే బావగారు ఇటు తిరిగారు. మొహం కందగడ్డలా ఉంది. "పరాయివాడి ముందు పరువు తీశావు!"

"దాని మీద కూడా ఓ గుడ్డ కప్పి ఉంచాల్సింది."

కిటికీ తలుపు చప్పుడైంది. తోడికోడలు తల బయటికి పెట్టింది. "రేపు కొత్త కారొస్తోంది కదా, ఎక్కడ పెడతారు, నా నెత్తిమీదా? వాళ్లు ఇవ్వగలిగింది తీసుకుని తాళాలివ్వండి. ఎవరు కడిగారో నాకు తెలీదా? కడిగినంతసేపూ మరిదికి టీ పోసింది నేనే."

"నువ్వు కూడానా!" అన్నారు బావగారు.

"నేను కూడానే."

ధర దిగింది, డబ్బు చేతులు మారింది. తాళాన్ని బావగారు తమ్ముడి చేతిలో పెట్టలేదు, బండి మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. తమ్ముడు నెమ్మదిగా వెళ్లి బానెట్ ఎడమ మూల అరచేత్తో ఒక్కసారి నొక్కాడు. అది అడగ్గానే నోరు తెరిచింది. ఆయిలు చూసి, మూసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. డ్రైవింగ్ ఎప్పుడో నేర్చుకున్నా, ఇన్నేళ్లలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు.

దారిలో గంధకం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. "అసలు మీరెందుకు తుడిచారు? ఒక్కనాడైనా తాళం చేతికిచ్చారా? సిగ్గనిపించలేదా?"

ఆయన మలుపు తిప్పుతూ చెప్పాడు. "తుడుస్తున్నంతసేపూ నాదే అనిపించేది."

దాంతో ఆమె కోపం చల్లారలేదు. ఎవరి మీద పడాలో తెలియక ఇంకా పెరిగింది.

ఇంటికి రాగానే ఎదురింటి తాపీమేస్త్రీని పిలిచి కుండీలు ఎక్కించడం మొదలుపెట్టింది. "కింద గోనెలు పరుద్దాం," అన్నాడు భర్త.

"పరచను."

మొదటి కుండీని రేకు మీద బరబరా లోపలికి జరిపింది. ఈ చివర నుంచి ఆ చివరకు పొడవాటి గీత పడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తడిగుడ్డ తెచ్చి ఆ గీత మీద పెట్టబోయాడు. ఆమె గుడ్డ లాక్కుని తన చేతుల సిమెంటు తుడుచుకుని ఇసుక కుప్ప మీదికి విసిరేసింది.

"ఎక్కండి. తోటవాళ్లు కాచుకుని ఉన్నారు."

ఆయన కూలబడిన ఎత్తు రోడ్డు వచ్చింది. ఇంజను గొంతు మార్చి, కుండీల బరువుతో సహా పైకి ఎక్కుతోంది. ఆయన చెయ్యి ఎందుకో నడుము మీదికి పోయి, అక్కడ పనేమీ లేదని మళ్లీ స్టీరింగ్ మీదికి వచ్చింది. మీటర్లో చివరి అంకె మెల్లగా పైకి జారుకుని కొత్త అంకె వచ్చింది. ఆయన ఉలిక్కిపడి అటు చూశాడు.

"రోడ్డు చూడండి," అంది గంధకం, ఇంకా కోపంగానే. "దాన్ని తిరగనివ్వండి."