మామ్మగారి పీటకు పసుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం. (తర్వాత మా ఆవిడ ఆ జబ్బును పూర్తిగా నయం చేసింది.) న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుంటూ, ఊరి బయట ఒక గొర్రెల ఫామ్‌లో పనికి కుదిరి, అక్కడే ఒక గదిలో ఉండేవాణ్ణి. యజమానురాలు ఎనభై దగ్గరపడ్డ అమెరికా ఆవిడ. ఇక్కడివాణ్ణి పెళ్లాడి ఇక్కడే సెటిలైంది. మనసులో ఆవిణ్ణి మామ్మగారని పిలుచుకునేవాణ్ణి.

వినాయక చవితినాడు ఆవిడ టౌన్‌కి వెళ్లింది. మట్టి వినాయకుణ్ణి కూర్చోబెట్టడానికి పీట కావాలి కదా! వరండాలో చిన్న చెక్కపీట కనిపించింది. కడిగి, దిట్టంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూజ కానిచ్చాను. అక్షింతలు నెత్తిన వేసుకుంటుండగా ఫోన్ మోగింది.

"అరగంటలో గెస్ట్‌తో వస్తున్నా బాబూ. వరండాలో పీటకి దుమ్ము దులిపి పెట్టు, జాగ్రత్త! రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికాలో మా నాన్న పొలంలో పనిచేసిన జర్మన్ ఖైదీ నాకోసం చేశాడది. నాకప్పుడు ఆరేళ్లు. ఈవిడ ఆయన మనవరాలు. తాత చేతి వస్తువు ఇంకేదీ మిగల్లేదట వీళ్లకి."

స్వామికి దణ్ణం పెట్టి, బల్ల మీదికి మార్చి, పీటని తుడిచాను. పసుపు పోతేగా! రాజమండ్రి ఫ్రెండుకి ఫోన్ చేశాను. "ఒరేయ్, బట్టల సబ్బేసి రుద్దరా, దెబ్బకి పోద్ది!" అన్నాడు. (వాడు చదివింది కెమిస్ట్రీ.) రుద్దాను. పచ్చటి పీట కాస్తా పారాణి పెట్టినట్టు ఎర్రబడింది. ఇంకా గట్టిగా రుద్దాను, ఇంకా ఎర్రబడింది. అంతలో బయట కారు ఆగింది.

మామ్మగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏం చేశావు దీన్ని?" అంది. పని పోతుందన్న భయం ఎటో పోయి, ఆవిడ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

"తప్పయిపోయిందండీ. ఇవాళ మాకు పండగ. దేవుణ్ణి కూర్చోబెట్టే పీటకి పసుపు రాస్తాం. దీని మీదే కూర్చోబెట్టాను."

ఆవిడ గెస్ట్ వైపు తిరిగి, "ఖైదీల్ని ఇంట్లోకి రానివ్వకూడదని రూలు. మీ తాతకి మా అమ్మ గుమ్మం బయటే భోజనం పెట్టేది. వానలో కూడా," అంది.

మనవరాలు ఆ ఎరుపు మీద వేలితో రాసి, "మీ దేవుడెక్కడ?" అని నన్ను అడిగింది. గదిలోకి తీసుకెళ్లాను. తడిపీటని తనే బల్ల మీద పెట్టి, "మళ్లీ కూర్చోబెట్టండి," అంది.

మామ్మగారు ఇచ్చేస్తే ఆ పీట మనవరాలితో జర్మనీ వెళ్లిపోయింది. ఇప్పుడు ఇదే దేశంలో, రోటోటూనా అనేచోట మాకు సొంతిల్లు, సొంత పీట. ఏటా మా అమ్మాయి దానికి పసుపు రాస్తుంటే, "ఎవరిదో అడిగావా?" అంటాను. "డాడ్, ఇది మనదే!" అని నవ్వుతుంది. సబ్బునురగలో ఏడుస్తూ నిలబడ్డ ఆ సర్వజ్ఞుడు గుర్తొచ్చి, నేనూ నవ్వుతాను.