వియ్యపురాలి తలస్నానం

మా వియ్యపురాలు పోయారు. విండ్సర్ నుంచి ఆవిడ కొడుకు ఫోన్ చేసి చెబితే నాకు ముందు కోపం వచ్చింది. ఆదివారం మనవడి తలస్నానం పెట్టుకుని ఎవరైనా ఇలా వెళ్లిపోతారా?

వియ్యపురాలిని మెచ్చుకోవడం మా కుటుంబాల్లో ఆచారం కాదు. చదివేవారు క్షమించాలి.

నా కొడుక్కీ ఆవిడ కూతురికీ పుట్టిన ఈ మనవడికి ఆటిజం. నెత్తిన నీళ్లు పడితే ప్రాణం పోతున్నట్టు అరిచేవాడు. ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలోని మా ఇంట తలస్నానమంటే ముగ్గురు పట్టుకోవడం, ఒకరు ఏడవడం. ఆ ఒకరు ప్రతిసారీ వాడే కానక్కర్లేదు.

థెరపిస్టు అమ్మాయి వీడియోలో వచ్చి మాకు నేర్పేది. "పట్టుకోవద్దు. కొంచెమే పోయండి. వాడు చెయ్యెత్తితే ఆపేయండి. ఆపుతారన్న నమ్మకముంటేనే మళ్లీ కూర్చుంటాడు." విండ్సర్ నుంచి వియ్యపురాలు కూడా ఆ కాల్‌లో చేరేవారు. సలహాలివ్వడానికే అనుకున్నాను. అమ్మమ్మ కదా, ఆ హక్కు ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

ఒకరోజు వాడు టబ్బు దగ్గరికే రానన్నాడు. తెరమీద ఆవిడ ఎవరింటికో వ్రతానికి పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. లేచి వెళ్లి, మగ్గుతో నీళ్లు తెచ్చుకుని నెత్తిన గుమ్మరించుకున్నారు.

"వదినగారూ, పట్టుచీర!" అని కేకపెట్టాను.

"చీర ఆరుతుంది వదినగారూ. వాడు చూస్తున్నాడా లేదా, అది చెప్పండి."

వాడు చూస్తున్నాడు. నవ్వాడు. ఆవిడ మళ్లీ మగ్గు ఎత్తగానే చెయ్యెత్తాడు. ఆవిడ అక్కడికక్కడే ఆగిపోయారు. థెరపిస్టు నవ్వాపుకుంటూ, "ఇలాగే కానివ్వండి" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడ ఆవిడ ఒక మగ్గు, ఇక్కడ వాడు ఒక మగ్గు. జలుబు చేసినా ఆవిడ మానలేదు. నేను విసుక్కుంటే, "తొందర మనది, తల వాడిది" అనేవారు. ఆవిడ పులిహోర గురించి అబద్ధం చెప్పలేను గాని, ఆ ఓపిక నాకు లేదు.

అంత్యక్రియలయ్యాక వచ్చిన ఆదివారం, "ఈ వారం వద్దులెండి అత్తయ్యా" అంది కోడలు. ఇన్నాళ్ల శ్రమా ఆవిడతోనే పోతుందని నాకు భయం.

వాడే టాబ్లెట్ తెచ్చి టబ్బు ఎదురుగా నిలబెట్టాడు. తెర నల్లగా ఉంది. వాడు తలవంచి, మెల్లగా తన నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. జుట్టునుంచి నీళ్లు కారుతుండగా, ఆవిడ వంతు కోసం తెరవైపు చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి మగ్గు నింపి నావైపు జరిపాడు.