తార్నాకలో పొంగని పాలు

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. మా అనంతపురంలో అమావాస్యనాడు శ్మశానం పక్కనుంచి ఈల వేసుకుంటూ సైకిలు తొక్కినవాణ్ణి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాతి సంగతి విని మీరు నన్ను పిరికివాడనుకోకూడదు.

అరవైల చివర్లో యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ, చదువుకన్నా ఎక్కువగా బొమ్మలు వేసేవాణ్ణి. రంగుల వాసనకి హాస్టల్లో గదివాళ్లు తిట్టేవాళ్లు. నా మిత్రుడు యాదగిరిది ఇంకా అన్యాయం. నల్లగొండ రైతుబిడ్డ, మట్టితో విగ్రహాలు చేస్తాడు. తా దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు, చేస్తే నిలువెత్తువే చేస్తాడు. లాలాగూడలో మేనమామ ఇంటి వరండాలో ఒకటి మొదలుపెడితే, అత్త దాని మీద బట్టలారేసింది.

అప్పుడు తార్నాకలో ఒక బంగళా ఖాళీగా ఉందని తెలిసింది. దయ్యం ఉందని ఎవరూ అద్దెకు రావడం లేదట. యజమాని నల్లకుంటలో ఉండే ముసలి ప్లీడరు. మమ్మల్ని ఎగాదిగా చూసి, పేరుకు మాత్రం అద్దె అడిగాడు.

"మీరు కొన్నాళ్లు మంచిగుంటే చాలు, నలుగురికి ధైర్యమొస్తది" అన్నాడు.

మాకు ఆ ఇల్లే స్వర్గం. పొద్దంతా వెలుతురు. దయ్యం జాడే లేదు. ఉన్నా మా వంట చూసి పారిపోయి ఉంటుందనుకున్నాం. యాదగిరి నారుకట్ట ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మ మొదలుపెట్టాడు, ఢిల్లీ ప్రదర్శన కోసం. తడి మట్టి. ప్లాస్టరుతో అచ్చు తీసేలోపు కదిలిస్తే నెర్రెలిచ్చి కూలిపోతుంది.

మేము చేసిన తప్పల్లా నిక్షేపంగా బతకడమే. మమ్మల్ని చూసి వీధికంతా భయం పోయింది. రైల్వే ఉద్యోగి ఒకాయన పూర్తి అద్దెకు ఒప్పుకున్నాడు. శుక్రవారం వాళ్లు పాలు పొంగిస్తారు, ఖాళీ చెయ్యండని ప్లీడరు కబురు పెట్టాడు. యాదగిరికి అన్నం దిగలేదు.

"నన్ను తియ్యమను, దాన్ని గాదు" అని బొమ్మ పక్కనే చాప వేసుకున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున వాళ్లు రానే వచ్చారు. ఆ ఇల్లాలు వంటింట్లో కుంపటి రాజేసి, గిన్నెకు పసుపు కుంకుమ పెట్టి, పాలు పోసింది. ప్లీడరుతో సహా అందరం చుట్టూ నిలబడ్డాం. నిప్పులు కణకణలాడుతున్నాయి, పాలు మాత్రం కదల్లేదు. విసనకర్రతో విసిరారు. బొగ్గులు వేశారు. ప్లీడరు దండకం చదివాడు. ముహూర్తం దాటిపోయింది. ఆమె పాలలో వేలు పెట్టింది.

"సల్లగున్నయి" అంది.

నేనూ వేలు పెట్టాను. కొత్తకుండలో నీళ్లలా ఉన్నాయి.

"పాలు పొంగని ఇంట్ల నా పిల్లల్ని ఉంచను" అని ఆమె కుంపటీ గిన్నే అక్కడే వదిలేసి, సామాను బండి వెనక్కి తిప్పించింది.

"ఏం జేసిన్రు, నిజం చెప్పున్రి" అన్నాడు ప్లీడరు మావైపు తిరిగి.

ఏం చేస్తాం? కుంపటి వాళ్లది, పాలు వాళ్లవి. ఆయన తల పట్టుకుని, ఉన్నన్నాళ్లు ఉండమని వెళ్లిపోయాడు.

పాలు పారబొయ్యడమెందుకని టీ పెట్టుకుందామనుకున్నాం. టీపొడి డబ్బా మూత తీసేలోపు అవే పాలు, అదే కుంపటి మీద, బుస్సున పొంగి నేలపాలయ్యాయి.

బొమ్మ పూర్తయింది. అచ్చు తీశాం. ఢిల్లీ రైలెక్కింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు తాళం వెయ్యబోతూ, ఎందుకో లోపలికి చూసి "పోయొస్తామమ్మా" అన్నాను.

యాదగిరి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మ అని నీకెవరు జెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఆడో మగో ప్లీడరు అనలేదు, మేము అడగలేదు. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇన్నేళ్లయినా తెలియదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆవిడ సంగతి వేరు.