నాజిల్ లేని స్ప్రేయరు

పొద్దున మా పెద్దనైన కొడుకు గడపలో నిలబడి, "అన్నా, మిరప్పైరుకు పురుగు పట్టిండాది. మీ స్ప్రేయరు కొంచెం ఇస్తావా?" అన్నాడు. అడగడానికి వాడికి నోరెలా వచ్చిందో! వాడి తండ్రి, అంటే మా నైనకు అన్న, పోయి చాలా కాలమైంది. ఆ మనిషి మీద నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

తమిళనాడులో ఆండిపట్టి దగ్గర మా తెలుగువాళ్ల వీధిలో ఎవరైనా వస్తువడిగితే లేదనకూడదు. అంటే వీధంతా ఆడిపోసుకుంటుంది. అందుకని ఇచ్చేవాళ్లు ఒక తెలివి నేర్చారు. తిరగలి ఇస్తారు, పిడి ఉండదు. నిచ్చెన ఇస్తారు, నడిమి మెట్టు ఉండదు. ఇచ్చిన పేరు ఇచ్చినట్టే ఉంటుంది.

నైన చనిపోయిన ఏడు అమ్మ ఒంటిచేత్తో నల్లరేగడిలో పత్తి పెట్టింది. పురుగు పడింది. స్ప్రేయరు ఉన్నది పెద్దనైనకే. పంట పోతే ఆ చేను తనకే గుత్తకు వస్తుందని కాచుకుని ఉన్న మనిషి, నవ్వుతూనే ఇచ్చాడు. అమ్మ మందు కలిపి, వీపుకెత్తుకుని పంపు కొడితే, తుంపర్లుగా పడాల్సింది ఆవు పోసినట్టు మొదటి చెట్టు మొదట్లోనే పోయింది. గొట్టం చివర నాజిల్ లేదు! ఇప్పుడు పెట్రోలు బంకులో, బండ్లు కడిగేచోట, కేకుల కొట్లో ఎక్కడ చూసినా నాజిలే. అప్పుడు ఆ పాత పంపుకు సరిపడే వేలికొనంత ఇత్తడి ముక్క తేని పట్నం అంగళ్లలో కూడా దొరకలేదు.

అమ్మ పరుగున వెళ్లి అడిగితే పెద్దనైన తాపీగా ఆకు నములుతూ, "స్ప్రేయరు అడిగితివి, ఇస్తిని. నాజిల్ అడిగితివా మా?" అన్నాడు.

"అది లేకుండా మరుందు ఎట్ల కొట్టేది బావా? అదీ ఇయ్యి."

"వెతకాల మా. రేపు రా."

అది ఆయన మొలలోనే ఉబ్బెత్తుగా కనబడుతోంది, పాపిష్టివాడు! అమ్మ వేపమండలతో మందు చిలకరించింది. అరచేతులు పొక్కాయి గానీ పురుగు చావలేదు. చేను ఆయన గుత్తకే పోయింది. నేను సంపాదనలో పడ్డాకే మళ్లీ మా చేతికొచ్చింది.

ఇంతకీ పొద్దున నేను లేదనలేక స్ప్రేయరు తెచ్చి వసారాలో పెట్టాను. మంచం మీది అమ్మ, "ఎవురు వీడు?" అంది. చెప్పాను. స్ప్రేయరు గొట్టం దగ్గరికి లాక్కుని, ముసలి వేళ్లతో నాజిల్ విప్పి మొలలో దోపుకుంది.

"తీస్కోని పో నాయనా," అంది నవ్వుతూ.

వాడు నావైపు చూశాడు. నేను అడ్డు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? తల దించుకుని స్ప్రేయరు మోసుకుపోయాడు.

కాస్త ముందే నన్ను "ఎవురప్పా నువ్వు?" అని అడిగిన మనిషి ఆవిడ. ఇన్నేళ్ల కాలం ఆమెలోంచి నా పేరు కూడా పట్టుకుపోయింది గానీ, ఆ ఇత్తడి ముక్క జోలికి రాలేకపోయింది.