పక్కవాళ్ల దొడ్లో ఎర్త్

శాంతికుమార్‌కి అలసట వయసు వల్ల వచ్చింది కాదు. చెప్పిందే చెప్పి చెప్పి వచ్చింది. కడియం చుట్టుపక్కల ఎవరింట్లో కరెంటు పనికి వెళ్లినా ఫ్యాన్లు ఎన్ని పడతాయి, హాల్లో లైట్లు ఏ రంగువి వేయిస్తే బాగుంటుంది అని అడుగుతారు. ఎర్త్ మాట ఎత్తితే మాత్రం ముఖాలు మారిపోతాయి. అది కంటికి కనపడదు, వచ్చిన చుట్టాలకి చూపించుకోవడానికి పనికిరాదు. అలాంటి దానికోసం గొయ్యి తవ్వి, పైపు పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోయాలంటే కరెంటాయన పని పెంచుకుంటున్నాడనే అనుకుంటారు. పైగా "మన గోదావరి నేల ఎప్పుడూ తడేగా, మళ్లీ ఎర్త్ దేనికండీ?" అని అడిగే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. వాళ్లకి జవాబు చెప్పడం ఆయన ఎప్పుడో మానేయాల్సింది. మానలేకపోయాడు.

ఒకప్పుడు ఒకళ్లింట్లో పండగ వెళ్లాక చూద్దాం లెండి అన్నారు. పండగ వెళ్లకముందే కబురొచ్చింది. ఎర్త్ వేయడానికి కాదు, వాషింగ్ మెషీన్ దగ్గర పడిపోయిన మనిషిని బయటికి తీయాలి, ముందు కరెంటు ఆపమని. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు. చెబితే భయపెట్టి పని చేయించుకుంటున్నాడంటారు.

మొన్న చలికాలంలో అచ్చాయమ్మ పిలిపించింది. వాళ్లది మొక్కల నర్సరీ. కూతురు నాగదుర్గ నెలలు నిండి పురిటికి వచ్చింది. పొద్దున్నే స్నానానికి వెళ్లి కుళాయి తిప్పగానే చెయ్యి జివ్వుమని, కెవ్వున కేక పెట్టి బయటికొచ్చేసిందట.

"కొత్తేం కాదండి. మా కుళాయి ఎప్పుడూ అంతే. మేం చెప్పులేసుకుని తిప్పుకుంటాం. ఇది అత్తారింటికెళ్లి ఆ అలవాటు మర్చిపోయింది" అంది అచ్చాయమ్మ.

స్నానాల గది గుమ్మంలో వరసగా రబ్బరు చెప్పులు పెట్టి ఉన్నాయి. చావుకి చెప్పులు అడ్డం పెట్టుకుని బతుకుతున్న ఇల్లు అది. శాంతికుమార్‌కి ఒళ్లు మండింది. కానీ కోప్పడే ఓపిక కూడా లేక టెస్టర్ తీసి కుళాయికి ఆనించాడు. వెలిగింది. వంటింటి కుళాయి దగ్గరా వెలిగింది.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇల్లు కట్టినప్పుడు ఎవరో మహానుభావుడు ఇంట్లో ఎర్త్ తీగలన్నీ తెచ్చి బోరు నుంచి వచ్చే ఇనప పైపుకి చుట్టేశాడు. ఆ పైపు భూమిలోకి దిగేది కాబట్టి అన్నాళ్లూ నడిచిపోయింది. తర్వాత బోరు పాడైతే కొత్తది వేయించి దానికి ప్లాస్టిక్ పైపు బిగించారు. గోడల్లో మాత్రం పాత ఇనుమే ఉండిపోయింది. ఇప్పుడు గీజర్లోంచి కారే కరెంటుకి భూమిలోకి పోయే దారి లేదు. అది కుళాయిల్లో వచ్చి కూర్చుంది. ప్రమాదమైతే పడిపోయి కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్ ఒకటి ఉండేదట గానీ, మాటిమాటికీ పడిపోతోందని విసుగొచ్చి తీయించేశారు.

"దొడ్లో గొయ్యి తవ్వి ఎర్త్ వేయాలండి" అన్నాడు.

అచ్చాయమ్మ రెండు చెవులూ మూసుకున్నంత పని చేసింది. "కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లో పెట్టుకుని గొయ్యి తవ్వుతామా? పురుడు వెళ్లాక రండి."

"రోజూ నర్సరీలో తవ్వుతూనే ఉంటారు కదండీ."

"అది మొక్క కోసం. ఇది ఇంటి గొయ్యి. రెండూ ఒకటేనా?"

ఆయన వాదించలేదు. ఆయన వెళ్లే లూథరన్ చర్చి వాళ్లలోనూ కోడలు నీళ్లోసుకుందంటే దొడ్లో గునపం ముట్టని వాళ్లున్నారు. ఆదివారం ఒక నమ్మకం, మిగతా రోజుల్లో ఇంకో నమ్మకం. గీజరు ప్లగ్గు పీకి, పని అయ్యేదాకా వాడొద్దన్నాడు. ఆయన గుమ్మం దాటగానే పెట్టుకుంటారని ఆయనకి తెలుసు. ఫ్రిజ్ తీగ, మోటారు తీగ కూడా ఆ పైపుకే ఉన్నాయి. ఇవాళ గీజరు, రేపు ఇంకోటి.

నాగదుర్గ నడుం పట్టుకుని మెల్లగా వచ్చింది. "నాకేమన్నా అవుతుందా అండి?" అని అడిగింది.

'చెప్పులేసుకో తల్లీ' అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లూ ఎవరి నోట వింటే ఒళ్లు మండేదో ఆ మాటే తను అనబోయాడు. తలదించుకుని దొడ్లోకి వెళ్లి ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డాడు. గోడకి అవతల సూరమ్మ దొడ్డి.

సూరమ్మ చేపలమ్ముకునే మనిషి. గోడ కట్టేటప్పుడు జానెడు జాగా అటు జరిగింది, ఇటు జరిగిందని మాటామాటా వచ్చి, ఆ రెండిళ్లకీ పలకరింపుల్లేవు. శాంతికుమార్ చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లాడు.

"మీ దొడ్లో ఒక గొయ్యి తవ్వనివ్వాలండి. అచ్చాయమ్మగారింటి ఎర్త్ కోసం."

"వాళ్ల గొయ్యి నా దొడ్లో దేనికి?"

చెప్పాడు. ఎవరికీ చెప్పని వాషింగ్ మెషీన్ సంగతి కూడా ఆవిడకి చెప్పాడు. సూరమ్మ చేపల పళ్లెం కడగడం ఆపి విన్నది.

"అచ్చాయమ్మ అడగమందా?"

"లేదండి. నేనే అడుగుతున్నాను."

"తల్లితోనే నాకు మాటల్లేవు. పిల్లేం చేసింది?" అని లేచి వెళ్లి, గునపం తనే తెచ్చిచ్చింది.

సంగతి చెబితే అచ్చాయమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. పక్కవాళ్ల దొడ్లో గొయ్యి తవ్వకూడదని ఏ పెద్దలూ చెప్పినట్టు ఆవిడకి గుర్తు రాలేదు. "వాళ్లకి లేని బాధ మాకేంటి" అని లోపలికి వెళ్లిపోయింది.

నల్లమట్టి గునపానికి అంటుకుపోయి సతాయించింది. పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి, గోడ మీదుగా తీగ లాగి, ఇంట్లో ఎర్త్ తీగలన్నీ దానికి కలిపాడు. నీళ్ల పైపుల్నీ, వంటింటి గ్యాస్ పైపునీ కూడా అదే తీగతో కట్టాడు. గీజర్లో పాడైన కాయిల్ మార్చి, ట్రిప్ స్విచ్ మళ్లీ బిగించాడు. అప్పుడు కుళాయికి టెస్టర్ ఆనించాడు. వెలగలేదు. మళ్లీ ఆనించాడు. వెలగలేదు. టెస్టర్ జేబులో పెట్టుకుని అక్కడే గుమ్మంలో కూర్చున్నాడు. సంతోషంగానే ఉంది గానీ, సంతోషించడానికి కూడా ఒంట్లో కాస్త బలం ఉండాలి.

వెళ్లేటప్పుడు సూరమ్మతో, ఎండలు ముదిరితే గొయ్యి ఆరిపోకుండా నీళ్లు పోస్తుండమన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లింది. ఎండలు మొదలయ్యాక అచ్చాయమ్మ మళ్లీ ఫోన్ చేసి పిలిచింది. చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇక ఆ ఎర్త్ పెకలించి మా దొడ్లోకి మార్చేయండి. రోజూ బిందె పట్టుకుని పోస్తోందండి ఆవిడ. మా ఇల్లు ఆవిడ నీళ్ల మీద బతుకుతోందని వీధంతా అనుకోదూ?"

శాంతికుమార్ సర్దుకుని కూర్చున్నాడు. ఆ గోతిలో ఉప్పు నేలకి బాగా పట్టిందనీ, కావాలంటే ఇక్కడ ఇంకోటి వేసుకోవచ్చు గానీ ఉన్నదాన్ని తీయడం మంచిది కాదనీ చెప్పబోయాడు. అచ్చాయమ్మ అప్పటికే వినడం మానేసి పిల్ల తల రుద్దుతోంది. గోడకి అవతల బిందె నీళ్లు పోసిన చప్పుడైంది. ఆ వెంటనే, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా, సూరమ్మ గొంతు వినపడింది. "పిల్లకి నీళ్లు వేడిగా వస్తున్నాయా?"

అచ్చాయమ్మ వినపడనట్టు పిల్ల మీద నీళ్లు పోస్తూనే ఉంది.

"చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఎర్త్ కదపకూడదండి" అన్నాడు శాంతికుమార్.

అచ్చాయమ్మ చెయ్యి ఆగింది. "కదపకూడదా?"

"ఆయ్. ఏడాది నిండేదాకా ముట్టుకోకూడదంటారు. నీళ్లు కూడా పక్కింటివాళ్లే పోయాలట."

"ఎవరంటారండీ?"

"పెద్దలండి."

అచ్చాయమ్మ తడి చేతులతోనే లెంపలు వేసుకుంది. "తెలియక అనేశానండి" అంది. తర్వాత గోడ వైపు ముఖం తిప్పి, "వస్తున్నాయి సూరమ్మా, బాగానే వస్తున్నాయి" అని గట్టిగా చెప్పింది.

శాంతికుమార్ సామాను సంచీ తీసుకుని బండి దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఆయన చెప్పిన నిజాల్లో ఒక్కదాన్ని కూడా ఇంత తొందరగా ఎవరూ నమ్మలేదు.