కాలిన మోటారు కావాలి

వోల్టేజి తగ్గితే ఊరంతా తిట్టుకునేది, వైండింగ్ మాస్టారు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచేవాడు. దీపాలు గుడ్డిగా వెలిగిన మర్నాడు పొలాల్లోంచి, పెరళ్లలోంచి కాలిన మోటార్లు ఆయన కొట్టుకి వరస కట్టేవి. మాడిన రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడం, వార్నిష్ పట్టించి ఆరబెట్టడం, మోటారు తెచ్చినవాణ్ణి తిట్టడం ఆయన పని. తిట్లకి విడిగా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

"ఫ్యూజులో వెంట్రుకంత తీగ వెయ్యమంటే వేలంత తీగ వేశావా? మోటారు కాలక పాట పాడుతుందా?"

అంతలో కొత్త ఎమ్మెల్యే గెలిచాడు. ఎన్నికల్లో అన్న మాట ఎన్నికలయ్యాక కూడా గుర్తుండే అరుదైన జబ్బు ఆయనది. ఊరికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. కరెంటు కుదురుకుంది, మోటార్లు కాలడం మానేశాయి. మాస్టారు కొట్లో ఈగలు తోలుకుంటూ, "మేలు చేస్తానని వచ్చి నా నోటిదగ్గర కూడు లాగేశాడు" అని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు.

ఎమ్మెల్యే అక్కడితో ఊరుకోలేదు. పల్లెల్లో చేతిపనులు నేర్పే కేంద్రాలు పెట్టాలని శాసనసభలో పట్టుబట్టాడు. పోరగా పోరగా, ముందు ఒక్కచోట పెట్టి చూపించమన్నారు. ఆ ఒక్కచోటూ ఈ ఊరే. మూతపడిన ధాన్యం గోడౌనుకి సున్నం కొట్టి, గోడమీద "యువతే దేశానికి వెన్నెముక" అని రాయించి, నేర్పడానికి మాస్టారిని నెల జీతానికి పెట్టారు. మాస్టారు ఎమ్మెల్యేని తిట్టడం ఆ రోజుకారోజే ఆపేశాడు.

వెన్నెముకలు మాత్రం రాలేదు, వాటికింకా తెల్లారలేదు. ఖాళీ బెంచీల్లో కుట్టుమిషను అక్క, ఉద్యోగం దిగిన బస్సు కండక్టరు, వాళ్లు లాక్కొచ్చిన మరికొందరు చేరారు. ఇంకా చాలకపోతే మాస్టారు భార్యని బతిమాలి కూర్చోబెట్టాడు. ఇంట్లో "ఏమండీ" అనే మనిషి అక్కడ "సార్" అనేది. ఆ ఒక్క ముక్కలో కాపురంలో ఇన్నాళ్లుగా దాచుకున్న లెక్కలన్నీ తీరుతుండేవి.

పైనుంచి తళతళలాడే కొత్త మోటార్లు దిగాయి. మూత విప్పితే గ్యారంటీ పోతుందని వాటిమీద చీటీ అంటించి ఉంది. "చూపించి నేర్పండి, విప్పి నేర్పకండి" అన్నాడు కేంద్రం చూసుకునే అధికారి. కాబట్టి క్లాసంతా మోటార్ల చుట్టూ తిరిగి, రంగు బావుందనుకుని ఇంటికి పోయేది.

ఒకరోజు ఆ అధికారే పరుగున వచ్చాడు. "వచ్చే వారం ఎమ్మెల్యేగారు వస్తున్నారు. కాలిపోయిన మోటారు మీవాళ్లు చుట్టి, ఆయన ముందు నీళ్లు పోయించాలి. పోయిస్తే ఊరూరా ఇలాంటివి అడుగుతారట. పోయకపోతే ఇది ఎత్తేస్తారు."

మాస్టారికి కేంద్రం పోతే వెనక్కి వెళ్లడానికి కొట్టు కూడా లేదు, ఎప్పుడో తాళం వేశాడు. కాలిన మోటారు కోసం ఊరిమీద పడ్డాడు.

"మీ మోటారెలా ఉంది బాబాయ్?"

"బ్రహ్మాండంగా ఉంది."

"ఏమన్నా మూలుగుతోందా?"

"లేదే."

"పోనీ, కాస్త వేడెక్కుతోందా?"

"నీ నోట మంచిమాటే రాదట్రా? పో అవతలికి!"

పాత కాలిన మోటార్లన్నీ రాగి కోసం ఎప్పుడో పాతసామాన్ల కొట్టుకి చేరిపోయాయి.

రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య అంది, "మన పెరట్లో ఉందిగా ఒకటి."

మాస్టారి ముద్ద నోటిదగ్గర ఆగింది. "అది నా చేత్తో చుట్టింది. పెళ్లయిన ఏడాది చుట్టా. ఇంతవరకూ దానికి జలుబు కూడా చెయ్యలేదు!"

"కాలదని ఊరంతా చాటారు కదా. అదీ తేల్చుకుందాం సార్."

"ఇంట్లో సార్ అనొద్దన్నానా?"

తెల్లారాక ఇరుసు కదలకుండా కర్రముక్క బిగించి స్విచ్ వేశాడు. బిగదీసిన మోటారు కాసేపు గుర్రుమంటే చాలు, కాలిపోతుంది. ఇది గుర్రుమంది, ఫ్యూజు పోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది. తీగ సరిగ్గా వెంట్రుకంతే ఉంది మరి, వేసింది ఎవరు?

భార్య గడపలో నిలబడి చూస్తోంది. "లావు తీగ వేస్తేగానీ కాలదనుకుంటా సార్."

జీవితమంతా ఏ పనికి జనాన్ని తిట్టాడో ఆ పని చెయ్యడానికి మాస్టారు అటూ ఇటూ చూసి, దొంగలా వేలంత తీగ బిగించాడు. కాలాలని ఒకపక్క, కాలకూడదని ఒకపక్క మొక్కుకుంటూ స్విచ్ నొక్కాడు. పొగ లేచింది. వార్నిష్ మాడిన వాసన వీధిలోకి పోయింది. ఆ వాసన ఊరికి కొత్తేమీ కాదు, జనం బిలబిలమంటూ వచ్చేశారు.

"మాస్టారు చుట్టిన మోటారే కాలిందిరోయ్!"

"నేనే కాల్చాను!" అన్నాడు మాస్టారు.

"అలాగే అంటారులే ఎవరైనా" అని, ఫ్యూజు వైపు చూసి, మొన్న పొమ్మన్న బాబాయ్ తాపీగా అడిగాడు, "వేలంత తీగ వేశావేంరా?"

ఆ వారమంతా గోడౌనులో ఎవరూ మోటారు రంగు చూడలేదు. కుట్టుమిషను అక్క తీగ తెగకుండా లాగింది, కండక్టరు చుట్లు లెక్కపెట్టాడు, చుట్టింది మాస్టారి భార్య. ఎమ్మెల్యే వచ్చి స్విచ్ నొక్కగానే గొట్టంలోంచి నీళ్లు ఆయన తెల్లచొక్కా మీదకే దూకాయి. తడిసిన మనిషి చప్పట్లు కొట్టాడు. కేంద్రం ఉంటుందన్నాడు, సభలో దీన్నే చూపించి మిగతా ఊళ్లకి అడుగుతానన్నాడు.

"ఇది ఎవరి మోటారమ్మా?" అని చుట్టినావిడనే అడిగాడు.

"మా సార్‌దండీ. సార్ చుట్టింది కాలింది. మేం చుట్టింది తిరుగుతోంది."

నవ్వులు ఆగాక ఎమ్మెల్యే మాస్టారి వైపు తిరిగాడు. "కేంద్రానికి ఇంకేమన్నా కావాలా? మొహమాటపడకండి."

సుత్తులు, పటకార్లు, పెద్ద బెంచీ అడగాలని మాస్టారు దారంతా వల్లించుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే, "నెలకోసారి కాస్త వోల్టేజి తగ్గిస్తారా అయ్యా?" అని వచ్చింది.

ఆ మోటారు మళ్లీ పెరట్లో బిగించాడు, ఫ్యూజులో వెంట్రుకంత తీగే వేసి. ఇప్పుడు రోజూ పొద్దున్నే అది తిరుగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, వెచ్చబడిందేమోనని అరచెయ్యి ఆనించి చూస్తాడు.

"ఎలా ఉంది సార్?" వంటింట్లోంచి గొంతు.

చల్లగా ఉంది. చెయ్యి తియ్యకుండానే అంటాడు, "అప్పుడే ఏం చెప్తాం? చూడాలి."